చేపలబండి దిగుడు

బొటనవేలు ఎన్నిసార్లు ఆనించినా కాపుకన్ను మూసుకోలేదు. దాలినాయుడు వేలు వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. నిన్న ఎండకు అందరూ తలుపులు మూసుకునే మూతవేళ పూర్తిగా దాటకముందే తొందరపడి తన బండి గొళ్ళెం పట్టుకున్నాడు. ఇనుము వేలిముద్రను కాల్చేసింది. ఇప్పుడక్కడ నీటిపొక్కు ఉంది. బ్యాటరీ పెట్టెలో, రెండు టెర్మినళ్ళ మధ్య, శనగగింజంత నల్లటి గాజు తెరుచుకునే ఉంది. ఈ వేలు ఎవరిదో దానికి తెలియడం లేదు.

"ఏటైనాది అన్నాయ్?" వెనకనుంచి పారమ్మ అడిగింది.

"ఏటీ నేదు. కన్ను పడుకోడం నేదు."

"దానికీ నిద్ర పట్టడం నేదా పాపం," అన్నాడు బండి లోపల్నుంచి ఆమె భర్త సన్నిబాబు. "ఈ ఇంట్లో ఎవులికి పట్టింది గనక!"

పారమ్మ నవ్వలేదు. కొంగు నడుముకు చుట్టుకుని దాలినాయుడి చేతులవైపే చూస్తోంది. ఈ పెట్టె దగ్గర అతను కూర్చోవడం ఇది మొదటిసారి కాదు. ఒకసారి ఫ్యాను తీగ మార్చాడు. ఇంకోసారి నీళ్ళ పంపు తీసి కొత్తది బిగించాడు. రెండుసార్లూ ఛార్జి కొద్దిరోజులు నిలబడినట్టే ఉండి మళ్ళీ దిగిపోయింది. ఇక మార్చడానికి ఈ బండిలో పెద్దగా ఏమీ మిగల్లేదు.

బళ్ళ బారు మొత్తం కొండ మలుపు దాకా ఆగి ఉంది. పాత స్కూలు బస్సులు, అంబులెన్సులు, పాలవ్యాన్లు, లోపల పరుపులూ పొయ్యిలూ బిగించుకుని ఇళ్ళుగా మారినవి. కప్పుల మీద సోలార్ పలకలు పొద్దుటి ఎండను మేస్తున్నాయి. అందరికంటే ముందు తలబండి. దాన్లో మనుషులు లేరు, యంత్రమే నడుపుతుంది. రాత్రికి కావలసిన నీళ్ళు తర్వాతి రేవులో ఉన్నాయి, తలబండి వెళ్ళి నిలబడితే తప్ప ఆ రేవు తాళం తెరుచుకోదు. ఎండ నెత్తికెక్కేలోగా అక్కడికి చేరాలి, బళ్ళన్నిటినీ కరెంటు తీగల గొలుసుతో కలుపుకోవాలి, తలుపులు మూసుకోవాలి. మూతవేళంతా చలవపెట్టెలు ఆడుతూనే ఉండాలి. ఒక బండి బ్యాటరీ మధ్యలో చేతులెత్తేస్తే గొలుసు మిగతా బళ్ళ నుంచి లాగి దానికి పోస్తుంది. కారణం తెలిసిన దిగుడును బారు భరిస్తుంది. తెలియనిదాన్ని భరించదు.

దాలినాయుడిలాంటి దిగుడుకాడు కారణం పట్టుకుని బాగుచేస్తే ఆ బండి ముందు కొక్కేనికి తెల్లగుడ్డ కడతాడు. పట్టుకోలేకపోతే కావిగుడ్డ. కావిగుడ్డ పడ్డ బండిని గొలుసులోంచి తప్పించి రోడ్డు వారకు తోసేస్తారు. దాన్ని విడుపు అంటారు. బారు తిరిగేది ఈ ఒక్క పీఠభూమి చుట్టూనే గనక, విడుపు బళ్ళ పక్కనుంచి మళ్ళీ మళ్ళీ పోవలసి వస్తుంది. అవి కనబడబోయే ముందే అందరూ ఆ వైపు కిటికీ తెరలు దించుకుంటారు. పిల్లలకు కూడా ఎవరూ చెప్పనక్కరలేదు.

బారు తోకలో ఉన్న పారమ్మ వాళ్ళది చేపలబండి. సముద్రం ఇంకా తన హద్దులో ఉన్న రోజుల్లో చేపలరేవు నుంచి ఐసు పెట్టెలు మోసింది. ఐసు కరగకుండా వేసిన మందపాటి గోడలవల్ల మూతవేళ బారులో అన్నిటికంటే చల్లగా ఉండే ఇల్లు అదే. కిటికీ మొగుడూ పెళ్ళాం కలిసి కోసుకున్నారు, ఒక వైపు కాస్త వంకర. ఎండ ముదిరితే గోడల్లోంచి పాత వంజరం వాసన వస్తుంది. అలాంటి బండిలో ఛార్జి ఎందుకు నిలబడదో దాలినాయుడికి అంతుపట్టలేదు.

పని మొదలుపెట్టే ముందు కాపుకన్నును నిద్రపుచ్చడం దిగుడుకాళ్ళ ఆచారం. అతనికి పని నేర్పినాయన చెప్పిన కారణం ఒకటే: చూసేవాళ్ళు ఇద్దరైతే రోగి తడబడతాడు. అది మర్యాద అనుకున్నాడు దాలినాయుడు. తర్వాత ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఇవాళ కన్ను మూసుకోనంటోంది, ఎండేమో కొండ దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. తెరిచిన కన్ను ఎదుటే నెగటివ్ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టాడు.

"అన్నీ ఆపేయ్ బావా. తలుపు కూడా మూసీ. బండి పడుకోవాలి."

"ఆపీసినాను. నా గుండెకాయొక్కటే ఆడుతున్నాది, అది కూడా ఆపమంటావేటి?"

"అదుండనీ. దానికి తీగ నేదు."

పారమ్మ అతని పక్కనే గొంతుక్కూర్చుంది. "నువ్వొచ్చి కూకుంటే ఈ రోగం తగ్గిపోతాది అన్నాయ్. నువ్వటెల్తే మొదలు. డాక్టరు గడప తొక్కగానే నొప్పి పోతాది సూడు, అలగ."

"చచ్చిన చేపలు బావా," అన్నాడు సన్నిబాబు కిందికి దిగి. "ఎన్ని వేల చేపల్ని మోసిందీ బండి! రాత్రులు అయ్యే పీల్చేస్తన్నాయి కరెంటు."

మీటరు ముల్లు మెల్లగా దిగి సున్నా పక్కన కూర్చుంది. బండి నిద్రపోయిందనుకున్నాడు దాలినాయుడు. అంతలో ముల్లు ఎగిరింది. ఎగిరి, ఒక క్షణం అక్కడే వణికి, మళ్ళీ పడింది. మళ్ళీ ఎగిరింది. ఇన్నేళ్ళలో ఇలాంటి కదలిక అతను చూడలేదు. పాడైన తీగ నిలకడగా కారుతుంది. ఇది ఎవరో తలుపు సందులోంచి తొంగిచూసి తప్పుకుంటున్నట్టు ఉంది.

ఫ్యూజులు పీకడం మొదలుపెట్టాడు. ఫ్యాను, దీపాలు, పంపు, చలవపెట్టె, రేడియో. ఒక్కొక్కటీ పీకి గుడ్డముక్క మీద పెట్టాడు. ముల్లు మాత్రం ఎగురుతూనే ఉంది. చివరికి ఫ్యూజుల గూళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. బండిలో దేనికీ బ్యాటరీతో సంబంధం లేదు. అయినా ముల్లు ఎగిరింది. అప్పుడు చూశాడు. అది ఎగిరిన ప్రతిసారీ నల్లగాజు అడుగున ఒక ఎర్రటి నూలుపోగు వెలిగి ఆరుతోంది.

దాలినాయుడు లేచి నిలబడ్డాడు. బారు వెంట ముందుకు నడిచి, మధ్యలో ఉన్న తన బండి దగ్గరికి వెళ్ళి పెట్టె తెరిచాడు. అతని బ్యాటరీ నిండుగా ఉంది. అక్కడి కన్నులో నూలుపోగు ఒకసారి వెలిగింది. తర్వాత ఎంతసేపు చూసినా వెలగలేదు. నిండుగా ఉన్నవాణ్ణి చూడవలసిన అవసరం దానికి లేదు.

తిరిగి నడిచి వస్తుంటే విషయం అతనిలో నెమ్మదిగా, జ్వరం దిగినట్టు కాదు, జ్వరం ఎక్కినట్టు స్పష్టమైంది. బ్యాటరీ కాస్త పాతబడుతుంది, అది సహజం. కన్నుకు అనుమానం వస్తుంది. ఎక్కువసార్లు చూస్తుంది. చూసిన ప్రతిసారీ తలబండికి కబురు పంపాలి, ఆ కబురుకు శక్తి ఆ బ్యాటరీలోంచే తీసుకోవాలి. ఛార్జి ఇంకాస్త తగ్గుతుంది. బలహీనమైన బండిని బారు తోకకు మారుస్తారు. దూరం పెరిగింది గనక కబురుకు ఇంకా ఎక్కువ కావాలి. అనుమానం పెరుగుతుంది. దిగుడుకాడు వస్తాడు, రాగానే మర్యాదగా కన్ను మూస్తాడు. మూసిన కన్ను ఏమీ తాగదు. అతనికి ఏమీ కనబడదు. కావిగుడ్డ కడతాడు.

ఎవరైనా తన పక్కన నిలబడి చూస్తుంటే దాలినాయుడి చేతిలో స్క్రూడ్రైవరు వణికేది, చిన్నప్పటినుంచీ. ఆ వణుకు తన లోపమనే అనుకున్నాడు. చూపుకు బరువుంటుందని, ఆ బరువును మోసేది చూడబడే వస్తువేనని, దీన్ని కొలవవచ్చని అతనికి తోచలేదు. ఆ కొలత ఇప్పుడు మీటరు మీద కనిపిస్తోంది.

సంచీలోంచి చేతిరేడియో తీసి తలబండిని పిలిచాడు.

"శుభోదయం దాలినాయుడు గారూ," అంది తలబండి గొంతు. ఎవరి ఊరిదీ కాని గొంతు. "తోకబండి గుడ్డ రంగు చెప్పండి."

"కారణం దొరికినాది. కన్నే తాగేస్తన్నాది. దిగుడంతా కన్నుదే."

"కాపుకన్ను చూసే సాధనం. అది దిగుడు లెక్కలోకి రాదు."

"లెక్కలోకి రాకపోతే తాగడం మానీసిందేటి? ముల్లు నా ఎదురుగా ఎగురుతున్నాది."

"మీరు కన్ను మూయకుండా కొలిచారు. ఆ కొలత చెల్లదు. ఇక్కడినుంచి మేము మూస్తున్నాం. మళ్ళీ కొలవండి."

నల్లగాజు మీద సన్నటి రెప్ప పడింది. ముల్లు సున్నా పక్కన కూర్చుని, చచ్చిన పురుగులా కదలకుండా ఉండిపోయింది.

"దిగుడు కనిపించడం లేదు," అంది తలబండి. "కనుక కారణం తెలియదు. గుడ్డ రంగు చెప్పండి."

రెప్ప తిరిగి లేచింది. ముల్లు ఎగిరింది.

దాలినాయుడు సంచీలోంచి కటింగ్ ప్లేయరు తీశాడు. కన్ను వెనక రెండు సన్నటి తీగలున్నాయి. "పారమ్మా, దీన్ని కోసేస్తే నీ బ్యాటరీ మంచిదే. మూతవేళంతా ఆగుతాది."

"కోసేస్తే తలబండి లెక్కలో మనం ఉంటామా?"

"ఉండవు. గొలుసు నిన్ను కలుపుకోదు. రేవులో నీళ్ళు నీ పేరున రావు. ఎవులైనా పోస్తే తాగాలి."

ఆమె అతని చేతిని, ప్లేయరుతో సహా, మెల్లగా పక్కకు నెట్టింది. "వొద్దన్నాయ్. కావిగుడ్డే కట్టీ."

"పారమ్మా!"

"విడుపు బళ్ళలో కూడా కన్ను ఉంటాది కదా? సివరిదాకా సూత్తాది కదా? మమ్మల్నొగ్గేసినా, అదైనా సూత్తా ఉంటాది." ఆమె గాజువైపు చూసి, చెదిరిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. "అది కూడా సూడకపోతే మనం ఉన్నామని ఎవులికి తెలుస్తాది?"

ఇది అజ్ఞానం కాదని దాలినాయుడికి తెలుసు. అతను ఒంటరిగా బతుకుతాడు. నిద్రపట్టని వేళ పెట్టె మూత తెరిచి, ఆ ఎర్రటి పోగు ఎప్పుడు వెలుగుతుందా అని ఎదురుచూసిన సందర్భాలు అతనికీ ఉన్నాయి. వెలిగినప్పుడు ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు ఉండేది. రోడ్డు వార నిలబడిన బళ్ళను తలుచుకున్నాడు. గొలుసు లేదు, కబురు అందుకునే తలబండి కనుచూపుకు అందని దూరంలో ఉంది. కన్ను మాత్రం లోపలివాళ్ళను తదేకంగా చూస్తూ, చూస్తూనే తాగేసి ఉంటుంది. లోపలివాళ్ళు దాన్ని తోడనుకుని ఉంటారు.

"గుడ్డ రంగు చెప్పండి," అంది తలబండి.

బారును తయారుచేసినవాళ్ళు అన్నిటినీ యంత్రానికి అప్పగించి, రంగు పలకడం ఒక్కటే మనిషికి వదిలారు. విడుపు అనేది ఎప్పుడూ ఒక మనిషి నోటినుంచి రావాలని వాళ్ళ ఉద్దేశం. తోకబండి రంగు వినబడే దాకా తలబండి కదలదు. తెల్ల అని చెప్పవచ్చు. సాయంత్రానికి ఛార్జి దిగిపోతుంది, రేపు మళ్ళీ ఇక్కడే కూర్చోవాలి. కావి అంటే ఇప్పుడే అయిపోతుంది. దాలినాయుడు చేపలబండి నీడలో, రోడ్డు మీద కూర్చున్నాడు. నోరు తెరవలేదు. అది నిరసన అని కూడా అనుకోలేదు. చెప్పడానికి అతని దగ్గర రంగు లేదు, అంతే.

"సెప్పీ బావా," అన్నాడు సన్నిబాబు. గొంతులో వేళాకోళం లేదు. "మా ఇద్దరి గురించి ఇంతమందిని ఎండలో నిలబెట్టకు. మేం ఎప్పుడో అనీసుకున్నాం. ఇదిగో, కుండ నిండా నీళ్ళున్నాయి."

ముందు బండి నుంచి లచ్చుమమ్మ దిగి వచ్చింది. పాలవ్యాను నడుపుతుంది, నోటికి పెట్టింది పేరు. "ఏటోయ్ దిగుడుకాడా, కాళ్ళు చాపుకుని కూకున్నావు! రంగు పేరు మరిసిపోనావా? తెలుపో కావో ఏదో ఏడు. రాత్రికి నీళ్ళు నీ అత్తోరు మోసుకొస్తారేటి?"

"చూసే కన్నే ఛార్జి తాగేస్తన్నాది లచ్చుమమ్మా. వీళ్ళదే కాదు, అందరిదీ."

"తాగనీ. మాది నిండుగా ఉంది." కానీ ఆమె చూపు వెనక్కి, తన బండివైపు మళ్ళింది.

బారు ఆగిపోవడం కన్నులకు నచ్చలేదు. వేళ దాటుతోంది, చక్రాలు తిరగడం లేదు. ఇలా ఎప్పుడూ జరగలేదు. కారణం తెలియని దాన్ని అవి ఒక్క రీతిలోనే ఎదుర్కొంటాయి, ఇంకా ఎక్కువగా చూసి. లచ్చుమమ్మ తన పెట్టె తెరిచింది. నల్లగాజు అడుగున పోగు వెలిగి ఆరి, వెంటనే వెలిగింది. దాని ముందు బండిలోనూ అంతే. మలుపు దాకా పెట్టెల మూతలు తెరుచుకుంటున్న చప్పుడు వినబడింది, మనుషులు ఒకర్నొకరు కేకేసుకుంటున్నారు. "నాది దిగుతున్నాది!" "ఓలమ్మా, మాది కూడా!"

ఇన్ని కన్నుల కబుర్లూ ఒక్కచోటికే చేరాలి, వాటిని అందుకోవడానికీ శక్తి కావాలి. ఆ సంగతి దాలినాయుడికి తలబండి గొంతు తెగి తెగి వినబడ్డప్పుడుగానీ తట్టలేదు.

"బారులో దిగుడు... తలబండిలో దిగుడు కనిపిస్తోంది. కారణం తెలియదు." కాసేపు గరగర. తర్వాత అదే మర్యాదతో, "దాలినాయుడు గారూ, తలబండి గుడ్డ రంగు చెప్పండి."

లచ్చుమమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. పారమ్మ అతనివైపు చూసింది. ఇప్పుడందరూ అతన్నే చూస్తున్నారు. అయితే చేతులు వణకడం లేదని గమనించాడు.

నియమం ప్రకారం జవాబు ఒక్కటే. దానికి ధైర్యం అక్కరలేదు.

"కావి," అన్నాడు.

తలబండి ధన్యవాదాలు చెప్పలేదు. దూరంగా, మలుపు అవతల, కొక్కెం విడిన లోహపు చప్పుడు వినబడింది. ఆ తర్వాత మీటరు ముల్లు ఎగిరి, ఈసారి దిగకుండా అక్కడే ఉండిపోయింది. పోగు ఆరడం లేదు. అందుకునే తల లేక, కన్ను ఆపకుండా పిలుస్తూనే ఉంది. ఇలా మూతవేళ దాకా కాదు, రేవు దాకా కూడా ఏ బండీ నిలబడదు.

"ఇప్పుడేటి సేద్దాం?" అంది లచ్చుమమ్మ. ఆమె గొంతు ఇంత మెత్తగా పలకడం దాలినాయుడు వినడం అదే మొదటిసారి.

"ఎవులి కన్ను ఆళ్ళు కోసుకోవాలి. ఎల్లి సెప్పు."

"కోసేసి? రేవు తాళం ఎవులు తీస్తారు?"

"తెల్దు."

ఆమె వెళ్ళి చెప్పింది. బారు వెంట మాట పోవడం వినబడింది, తీగ తెగిన చప్పుడు మాత్రం ఎక్కడా వినబడలేదు. తెరిచిన పెట్టెల ముందు మనుషులు వంగి నిలబడి ఉన్నారు. కొందరు కన్నును తుడుస్తున్నారు. ఒకాయన దానితో ఏదో మాట్లాడుతున్నాడు.

పారమ్మ చెయ్యి చాపింది. దాలినాయుడు ప్లేయరు ఇచ్చాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, బొట్టు సరిచూసుకున్నట్టు నుదురు తడుముకుంది, పెట్టె మీదికి వంగి ఆ గాజుకు తన ముఖం పూర్తిగా కనబడేలా నిలబడింది. కాసేపు అలాగే ఉంది. లోపలి వెలుగుకు ఆమె చెంప ఎర్రబడింది. తర్వాత చూపు తిప్పుకోకుండానే తీగ కోసింది.

ముల్లు సున్నాకు పడింది. పారమ్మ ప్లేయరు తిరిగి ఇవ్వలేదు. తన చేతులను తనే చూసుకుంటూ, అవి ఉన్నాయో లేదో తెలియనిదానిలా, ఫ్యూజుల్ని ఒక్కొక్కటిగా గూళ్ళలో బిగించింది.

సన్నిబాబు స్టీరింగు ముందు కూర్చున్నాడు. దాలినాయుడు మీటరు తీసి తీగ తిరిగి బిగించాక, పారమ్మతో కలిసి అతని పక్కన ఎక్కాడు. ముందు బండి కదలకుండా కదలడం సన్నిబాబుకు తెలియదు. చాలాసేపు ఆ పాలవ్యాను వీపునే చూశాడు. ఆ తర్వాత చేపలబండిని వరసలోంచి బయటికి తీసి, పక్కనుంచి మెల్లగా రేవువైపు పోనిచ్చాడు.

ఇన్నాళ్ళూ తోకలో ఉన్నవాళ్ళకు ఈ బళ్ళ వెనకభాగాలే తెలుసు. ఇప్పుడు పక్కలు కనబడ్డాయి, కిటికీలు కనబడ్డాయి, కిటికీల్లో ముఖాలు. పారమ్మ ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ, తనను ఎవరైనా చూస్తారేమోనని అద్దం దించింది. వేడిగాలి కొట్టింది. ఎవరూ తల ఎత్తలేదు. అందరూ పెట్టెల్లోకే చూస్తున్నారు.